పేరు చివర 2 ఎందుకొచ్చింది? ఉమ్మడి వైఫైలో కంప్యూటర్ పేరు మారితే ఏం చేయాలి

రాత్రి పదకొండు దాటాక మా హాస్టల్ పై అంతస్తు అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని నా గదికొచ్చింది. "అక్కా, నా మాక్‌లోకి ఎవరో వచ్చేశారు, ఒకసారి చూడవా" అంది. చేతులు వణుకుతున్నాయి. కమాండ్లు టైప్ చేసే కిటికీ, అదే టెర్మినల్, తెరిచే ఉంది. అందులో ప్రతి లైన్ మొదట్లో యూజర్‌నేమ్, ఎట్ గుర్తు, ఆ వెంటనే కంప్యూటర్ పేరు ఉంటాయి కదా. యూజర్‌నేమ్ తనదే. కంప్యూటర్ పేరు ఉండాల్సిన చోట మాత్రం ఇంకెవరో అమ్మాయి పేరు, దాని వెనక ఐఫోన్ అన్న మాట ఉన్నాయి. తెల్లారితే ప్రాజెక్ట్ సబ్‌మిషన్. నా దగ్గరకు వచ్చేలోపే పాస్‌వర్డులన్నీ మార్చేసింది, ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది, మాక్ మొత్తం ఫార్మాట్ చేసేద్దామా అని కూడా ఆలోచించింది.

ఫార్మాట్ అవసరం రాలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని చేసిన పనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. హాస్టల్, పీజీ, కాలేజీ ల్యాబ్, అద్దె ఆఫీసు, ఇలా పదిమంది ఒకే వైఫై వాడే చోట ఎక్కడైనా ఇది జరగొచ్చు. ఎక్కువగా ఆపిల్ వాళ్ల మాక్‌లలో కనిపిస్తుంది కాబట్టి వాటి గురించే ఎక్కువ చెప్తాను. లైనక్స్, విండోస్ సంగతి తర్వాత చూద్దాం.

ముందుగా ఒక ధైర్యం చెప్పాలి. కంప్యూటర్ పేరు మారినంత మాత్రాన లోపలికి ఎవరో వచ్చారని కాదు. చొరబడినవాళ్లకు మీ కంప్యూటర్ పేరు మార్చి తామున్నామని చాటుకోవాల్సిన పని లేదు. ఈ పేరు మారడం వెనక ఉన్నవి చాలావరకు నెట్‌వర్క్ మామూలుగా చేసుకునే ఏర్పాట్లే.

మారింది ఏ పేరో ముందు తేల్చుకోండి

మాక్‌కు ఒక పేరు కాదు, మూడు పేర్లుంటాయి. ఈ సంగతి తెలియకపోవడం వల్లే సగం టెన్షన్.

మొదటిది కంప్యూటర్ నేమ్. ఇది మనుషులు చదవడానికి. ఆపిల్ పరికరాల మధ్య ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్‌లో పక్కవాళ్లకు కనిపించేది ఇదే. ఇందులో ఖాళీలు ఉండొచ్చు, తెలుగులో కూడా పెట్టుకోవచ్చు.

రెండోది లోకల్ హోస్ట్‌నేమ్. అదే వైఫైలో ఉన్న ప్రింటర్లు, టీవీలు, వేరే కంప్యూటర్లు మీ మాక్‌ను పిలవడానికి వాడుకునే పేరు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఇంకేమీ ఒప్పుకోదు. చివర చుక్క పెట్టి లోకల్ అని ఉంటుంది.

మూడోది ఉత్త హోస్ట్‌నేమ్. టెర్మినల్‌లో కనిపించేది ఇది. చాలా మాక్‌లలో దీన్ని ఎవరూ పెట్టరు. ఆ ఖాళీయే మా హాస్టల్ అమ్మాయిని అంత భయపెట్టింది.

మొదటి రెండు పేర్లు సెట్టింగ్స్‌లో కనిపిస్తాయి. 2022లో వచ్చిన వెంచురా లేదా ఆ తర్వాతి మాక్ఓఎస్ వెర్షన్ ఉంటే సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరవండి. పైన ఉన్న నేమ్ అన్నదే కంప్యూటర్ నేమ్. మళ్లీ జనరల్‌కు వచ్చి షేరింగ్ తెరిచి అట్టడుగుకు వెళ్తే లోకల్ హోస్ట్‌నేమ్ ఉంటుంది, పక్కనే ఎడిట్ బటన్. అంతకన్నా పాత వెర్షన్ అయితే సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లోని షేరింగ్‌లోనే రెండూ దొరుకుతాయి.

మూడోదాన్ని టెర్మినల్‌లోనే చూడాలి. కమాండ్లను నేనిక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. ఎస్, సి, యు, టి, ఐ, ఎల్ అనే ఆరు చిన్నక్షరాలు కలిపి రాయండి. ఖాళీ వదలండి. పక్కపక్కనే రెండు హైఫన్లు, వాటికి ఆనించి గెట్ అని. మళ్లీ ఖాళీ. హోస్ట్‌నేమ్ అని కలిపి, అందులో హెచ్, ఎన్ మాత్రం పెద్దక్షరాలుగా. ఎంటర్ నొక్కితే పేరు వస్తుంది, లేదా పేరు పెట్టలేదన్న జవాబు వస్తుంది.

ఇప్పుడు మీ లక్షణం చూసుకోండి. పేరు మీదే, చివర మాత్రం 2 చేరిందా? అయితే కథ మొదటి రెండు పేర్లది. టెర్మినల్‌లో మాత్రమే ఎవరిదో పేరు కనిపిస్తోందా? అయితే మూడో పేరుది. రెండింటి కారణాలు వేరు, మందులు వేరు. ఈ తేడా చూసుకోకుండా ఊరికే పేరు మళ్లీ మళ్లీ మార్చేవాళ్లే ఎక్కువ. అలా మారిస్తే అది తిరగబెడుతుంది.

చివర 2 చేరితే

ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఏం చేస్తారు? ఒకాయన్ని మిల్లు సుబ్బారావు అంటారు. నెట్‌వర్క్‌లో కూడా అంతే. ఒకే పేరుతో ఇద్దరు ఉండకూడదు, కానీ వైఫైలో పేర్ల పట్టీ రాసుకునే కరణం ఎవరూ ఉండరు. కంప్యూటర్లే ఒకదాన్నొకటి అడిగి తేల్చుకుంటాయి. ఈ పద్ధతిని మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్ అంటారు. ఆపిల్ దీనికి పెట్టిన పేరు బాంజూర్. 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా దీని నియమాలు అచ్చయ్యాయి.

జరిగేది ఇదీ. మీ మాక్ నిద్రలేచి వైఫైలోకి రాగానే 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు, 5353 పోర్టులో ఒక ప్రశ్న పంపుతుంది: ఈ పేరు ఎవరైనా వాడుతున్నారా? 250 మిల్లీసెకండ్ల ఎడంతో మూడుసార్లు అడుగుతుంది. ఎవరూ పలకకపోతే పేరు తనదే అని ప్రకటించుకుంటుంది. ఎవరైనా నాదే అంటే గొడవ పడదు, తానే తగ్గి చివర 2 చేర్చుకుంటుంది. అప్పుడే స్క్రీన్ మీద పేరు మార్చామన్న కబురు వస్తుంది. కంప్యూటర్ నేమ్‌కు బ్రాకెట్లలో 2 వస్తుంది, లోకల్ హోస్ట్‌నేమ్‌కు హైఫన్ పెట్టి 2 వస్తుంది. పైగా ఈ మార్పు సెట్టింగ్స్‌లో నిలిచిపోతుంది. అందుకే హాస్టల్లో వచ్చిన 2, సెలవులకు ఇంటికెళ్లినా వెంటే వస్తుంది.

కాబట్టి మీరు వెతకాల్సింది ఒక్కటే: ఆ ‘నాదే’ అన్నది ఎవరు?

పేరు మారిన వెంటనే, రీస్టార్ట్ చేయకముందే, ఈ పరీక్ష చేయండి. టెర్మినల్‌లో పింగ్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పాత పేరు, అంటే 2 లేని లోకల్ హోస్ట్‌నేమ్, చివర చుక్క లోకల్ అని చేర్చి ఎంటర్ కొట్టండి. మొదటి లైన్‌లో బ్రాకెట్ల మధ్య ఒక ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరానికి ఇచ్చిన నంబరు, వస్తుందేమో చూడండి. ఆపడానికి కంట్రోల్, సి కలిపి నొక్కండి. తర్వాత ఆప్షన్ కీ పట్టుకుని పైన మెనూబార్‌లో వైఫై గుర్తు మీద క్లిక్ చేస్తే మీ సొంత ఐపీ చిరునామా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన కాగితం మీద రాసుకోండి.

ఆ చిరునామా మీది కాకపోతే, నిజంగానే అదే పేరుతో ఇంకో యంత్రం ఉందన్నమాట. సెటప్ చేసినప్పుడు వచ్చిన పేరును అలాగే వదిలేస్తే ఇలా అవుతుంది. ఒక అంతస్తులో నాలుగు మాక్‌బుక్ ఎయిర్‌లుంటే నాలుగింటికీ మాక్‌బుక్ ఎయిర్ అనే పేరే ఉండొచ్చు. పాత మాక్ నుంచి కొత్తదానికి అంతా కాపీ చేసుకుని, పాతదాన్ని తమ్ముడికిచ్చి, రెండూ ఒకే ఇంట్లో వాడినా ఇదే గొడవ. దీనికి మందు తేలిక: ఎవరికీ ఉండని పేరు పెట్టుకోవడమే.

ఆ చిరునామా మీ మాక్‌కే కేబుల్ ద్వారా వచ్చిన ఇంకో చిరునామా అయితే, మీ కంప్యూటర్ తన నీడను చూసి తానే బెదిరింది. డాక్ (కేబుళ్లు తగిలించుకునే పెట్టె) ద్వారా నెట్ కేబుల్ పెట్టి, వైఫై కూడా ఆన్‌లో ఉంచితే ఒకే నెట్‌వర్క్‌లో మీరు రెండు తలుపుల దగ్గర నిలబడినట్టు. ఒక తలుపు దగ్గర అడిగిన ప్రశ్న రౌటర్ చుట్టూ తిరిగి రెండో తలుపు దగ్గర ఆలస్యంగా వినిపిస్తుంది. సిగ్నల్ పెంచడానికి పెట్టే ఎక్స్‌టెండర్లు కూడా కొన్నిసార్లు పాత ప్యాకెట్లను మళ్లీ వెనక్కి కొడతాయి. కేబుల్ వాడేటప్పుడు వైఫై ఆపేయండి. ఇంత చిన్న పనితో ఈ బాధ పోయినవాళ్లను చాలామందిని చూశాను.

పేరే దొరకలేదని జవాబొస్తే అసలు గొడవపడిన వ్యక్తే లేడు, ఏదో పాత జ్ఞాపకం అడ్డుపడింది. ఇక్కడ ఎక్కువగా అనుమానించాల్సింది నిద్రనే. మాక్ నిద్రపోయినప్పుడు దాని తరఫున ఆపిల్ టీవీ, హోమ్‌పాడ్ లాంటివి నెట్‌వర్క్‌లో జవాబిచ్చే ఏర్పాటు 2009 నుంచి ఉంది. దాన్ని స్లీప్ ప్రాక్సీ అంటారు. మాక్ లేవగానే ఆ పెత్తనం తిరిగి తీసుకోవాలి. ఆ అప్పగింతలో క్షణం తేడా వస్తే, తన పేరునే ఇంకెవరో వాడుతున్నారని మాక్ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో ఆప్షన్స్ తెరిచి వేక్ ఫర్ నెట్‌వర్క్ యాక్సెస్ అన్నదాన్ని నెవర్ చేయండి. మీరు బయటి నుంచి మీ మాక్‌ను నిద్రలేపి వాడే అలవాటు లేకపోతే పోయేదేమీ లేదు.

అన్నట్టు, దీనికి మనం ఎప్పుడూ మన సెటప్‌నే తప్పుపట్టాల్సిన పని లేదు. 2014లో వచ్చిన యోసెమిటీ అనే మాక్ వెర్షన్‌లో ఆపిల్ ఈ పేర్ల పని చూసే ప్రోగ్రామ్‌ను మార్చి డిస్కవరీడీ అనే కొత్తదాన్ని పెట్టింది. అప్పుడు మాక్‌ల పేర్లు 2, 3, 4 అంటూ తమంతట తామే పెరుగుతూ పోయాయి. 2015 జూన్‌లో వచ్చిన 10.10.4 అప్‌డేట్‌లో పాత ప్రోగ్రామ్ ఎండీఎన్‌ఎస్ రెస్పాండర్‌నే తిరిగి తెచ్చారు. కాబట్టి మీ మాక్‌కు అప్‌డేట్ పెండింగ్‌లో ఉంటే ముందు అది వేసుకోండి.

కారణం తీసేశాకే పేరు సరిచేయండి. ముందు పేరు మారిస్తే సాయంత్రానికి 3 వచ్చి కూర్చుంటుంది. అబౌట్‌లో కంప్యూటర్ నేమ్ మార్చాక షేరింగ్‌లోకి కూడా వెళ్లి లోకల్ హోస్ట్‌నేమ్ చూడండి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే అక్కడ పాత 2 మిగిలిపోవచ్చు.

టెర్మినల్‌లో ఎవరిదో పేరు కనిపిస్తే

హాస్టల్ అమ్మాయి కేసు ఇది. చూడటానికి భయంకరంగా ఉంటుంది, సరిచేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

కొత్త ఇంట్లో అద్దెకు దిగితే పాత అద్దెదారు పేరు మీద ఉత్తరాలు వస్తుంటాయి. పోస్ట్‌మ్యాన్ తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఆ చిరునామాకు రాసి ఉన్న పేరు ఇంకా మార్చలేదంతే. వైఫైలో ఐపీ చిరునామాలు కూడా అద్దె గదులే. రౌటర్ వాటిని కొన్ని గంటలకో, ఒక రోజుకో ఇస్తుంది, ఖాళీ అయ్యాక ఇంకొకరికి ఇస్తుంది. దీన్ని లీజు అనే అంటారు. చాలా రౌటర్లు ఏ చిరునామాలో ఏ పేరున్న పరికరం దిగిందో కూడా రాసుకుంటాయి. ఆ పట్టీ ఒక్కోసారి పాతదే ఉండిపోతుంది.

ఇటు మాక్ ఏం చేస్తుందంటే, హోస్ట్‌నేమ్ ఎవరూ పెట్టకపోతే తనకు పేరు ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుక్కుంటుంది. మొదట, చిరునామా ఇచ్చేటప్పుడు రౌటర్ పేరు కూడా ఇచ్చిందా అని చూస్తుంది. ఇవ్వకపోతే, ఈ చిరునామాకు ఏ పేరుందని, పేర్లూ చిరునామాలూ కలిపి రాసుకునే డీఎన్‌ఎస్‌ను తిరగేసి అడుగుతుంది. అక్కడా దొరక్కపోతేనే తన లోకల్ హోస్ట్‌నేమ్ వాడుకుంటుంది. రెండో మెట్టు దగ్గరే పాత అద్దెదారు పేరు వచ్చి పడుతుంది. ఆ అమ్మాయి మాక్‌కు దొరికిన చిరునామాలో అంతకుముందు వేరే గది అమ్మాయి ఐఫోన్ ఉండేది. అంతే. ఆ ఫోన్‌కూ ఈ మాక్‌కూ ఏ సంబంధమూ లేదు.

ఫోన్లు వచ్చాక ఇది ఎక్కువైంది. సాధారణ రౌటర్ చేతిలో 250 పైచిలుకు చిరునామాలే ఉంటాయి. కొన్నింటిలో వంద మాత్రమే ఇచ్చేలా పెడతారు. ఒక్కొక్కరికి ఫోను, లాప్‌టాప్, వాచీ. దీనికితోడు 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు, మాక్ కంప్యూటర్‌కు సంబంధం లేదు) దాచి వేరేది చూపిస్తున్నాయి. అది మారినప్పుడల్లా రౌటర్ దృష్టిలో కొత్త మనిషి వచ్చినట్టే. గదులు త్వరత్వరగా చేతులు మారతాయి.

ఇదేనా కాదా అని నిర్ధారించుకోవడానికి వైఫై ఆపి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అవ్వండి. టెర్మినల్‌లో కొత్త విండో తెరవండి. పాత విండోలో పాత పేరే ఉంటుంది, అది చూసి మోసపోకండి. కొత్త విండోలో పరాయి పేరు పోయిందా? అయితే అది నెట్‌వర్క్ ఇచ్చిన పేరే, మీ మాక్‌లో ఏమీ మారలేదు. ఆ రాత్రి నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి కొత్త విండో తెరిపించాను. తన మాక్ అసలు పేరు తిరిగొచ్చింది. అది చూశాకే తను మంచినీళ్లు తాగింది.

శాశ్వతంగా సరిచేయాలంటే ఆ ఖాళీని మీరే నింపాలి. టెర్మినల్‌లో ఎస్, యు, డి, ఓ కలిపి సుడో అని రాసి ఖాళీ వదలండి. తర్వాత ఇందాకటి ఆరక్షరాల కమాండ్, ఖాళీ, రెండు హైఫన్లకు ఆనించి ఈసారి గెట్ బదులు సెట్, ఖాళీ, హెచ్, ఎన్ పెద్దక్షరాలుగా హోస్ట్‌నేమ్, మళ్లీ ఖాళీ, చివర మీకు కావాల్సిన పేరు. ఎంటర్ కొడితే మీ మాక్ పాస్‌వర్డ్ అడుగుతుంది. టైప్ చేస్తున్నప్పుడు అక్షరాలు గానీ చుక్కలు గానీ కనిపించవు. పని చేయట్లేదనుకోకండి, పూర్తిగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఆ తర్వాత మీరు ఏ ఊళ్లో, ఏ వైఫైలో కూర్చున్నా టెర్మినల్‌లో ఆ పేరే ఉంటుంది.

లైనక్స్, విండోస్ వాళ్లకు

ఉబుంటు లాంటి లైనక్స్‌లో మాక్ లాంటి కథే, పేరే వేరు. చివర 2 చేర్చే పని అవాహి అనే ప్రోగ్రామ్‌ది. అసలు పేరును అది ముట్టుకోదు, నెట్‌వర్క్‌లో చెప్పుకునే పేరుకే 2 తగిలిస్తుంది. గొడవ తీరాక ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తే పాత పేరు తిరిగొస్తుంది. టెర్మినల్‌లో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ అని కొడితే స్టాటిక్ అన్నది మీరు పెట్టిన పేరు, ట్రాన్సియెంట్ అన్నది నెట్‌వర్క్ నుంచి వచ్చిన తాత్కాలిక పేరు. స్టాటిక్ పేరు ఖాళీగా లేకుండా చూసుకుంటే చాలు.

విండోస్ తన పేరు తాను మార్చుకోదు. అదే పేరు ఇంకొకరికి ఉందని హెచ్చరించి ఊరుకుంటుంది. అందుకని విండోస్‌లో పేరు మారిందంటే ఎవరో మార్చినట్టే: రీసెట్ చేసి ఉంటారు, లేదా ఆఫీసు ఐటీ వాళ్లు తమ పద్ధతి ప్రకారం పెట్టి ఉంటారు. మళ్లీ పెట్టుకోవాలంటే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో రీనేమ్ దిస్ పీసీ. పేరు 15 అక్షరాలు దాటనివ్వకండి.

ఆఫీసు ఇచ్చిన మాక్ అయినా ఇంతే. దాన్ని దూరం నుంచి నిర్వహిస్తుంటారు, పేరు కూడా వాళ్ల చేతిలోనే ఉండొచ్చు. మీరు మార్చినా రేపటికి వాళ్లదే వస్తుంది. పోట్లాడకుండా వాళ్లనే అడగండి.

ఏ పేరు పెట్టాలి

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. హాస్టల్ వైఫైలో ఫైండర్ తెరిచి నెట్‌వర్క్ మీద నొక్కితే ఒక్కోసారి పదిమంది ఆడపిల్లల పూర్తి పేర్లు వరసగా కనిపిస్తాయి. కాఫీ షాపులో, రైల్వే స్టేషన్‌లో కూడా మీ లాప్‌టాప్ అదే పేరు చెప్పుకుంటుంది. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న అపరిచితుడికి మీ పేరు, మీ చేతిలో ఏ మోడల్ ఉందో అడగకుండానే తెలిసిపోతుంది. ఇది నా ఒక్కదాని ఆందోళన కాదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8117 అనే పత్రంలో, పరికరాలకు ఇలా పేర్లు పెట్టి చాటే అలవాటు హానికరమని శీర్షికలోనే రాసింది.

కాబట్టి మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం, గది నంబరు, ఆఫీసు పేరు, మోడల్ పేరు ఏవీ వద్దు. మీకు ఇష్టమైన ఒక మాటకు మీకే తెలిసిన రెండంకెలు జోడించండి: పారిజాతం-47, సీలేరు-83 లాంటివి. మాట వల్ల మీకు గుర్తుంటుంది, అంకెల వల్ల ఇంకొకరితో కలవదు. కంప్యూటర్ నేమ్‌ను తెలుగులోనే పెట్టుకుంటానంటే నిక్షేపంగా పెట్టుకోండి. పొడవు ఒక్కటి చూసుకోండి. బాంజూర్‌లో ఇలాంటి పేరుకు 63 బైట్ల హద్దు ఉంది. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతానికీ మూడేసి బైట్లు పడతాయి. గోదావరి అన్న మాటకే 21 బైట్లు. మూడు చిన్న మాటలు దాటకుండా ఉంటే సరి. లోకల్ హోస్ట్‌నేమ్ మాత్రం ఇంగ్లిష్‌లో ఇవ్వాలి.

ఫోన్ సంగతి మర్చిపోకండి. ఆ రాత్రి ఇంకొకరి టెర్మినల్‌లో పేరు బయటపడింది పాపం ఆ ఐఫోన్ అమ్మాయిది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో నేమ్ మార్చుకోవచ్చు.

ఎలాగూ షేరింగ్ పేజీ తెరిచారు కాబట్టి అక్కడే రిమోట్ లాగిన్, స్క్రీన్ షేరింగ్, ఫైల్ షేరింగ్ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూడండి. మీరు ఆన్ చేయకుండానే ఆన్‌లో ఉంటే, అది నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. వెంటనే ఆపి, పాస్‌వర్డ్ మార్చి, ఇంకెవరైనా మీ లాప్‌టాప్ వాడారేమో కనుక్కోండి.

వైఫై నడిపే వాళ్లకు

హాస్టల్ యజమాని, వార్డెన్, ల్యాబ్ చూసుకునే సార్ ఎవరైనా ఇది చదువుతుంటే, మీ చేతిలో ఒక సెట్టింగ్ ఉంది. రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే అందరికీ ఇంటర్నెట్ వస్తుంది, ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించదు. 2 చేరే గొడవ చాలావరకు ఆగుతుంది, పిల్లల పేర్లు బయటపడవు. ఉమ్మడి ప్రింటర్, టీవీకి ఫోన్ నుంచి వీడియో పంపడం మాత్రం ఆగిపోతాయి. ప్రింటర్‌కు విడిగా ఒక నెట్‌వర్క్ పెట్టండి. పిల్లల క్షేమం ముందు ఆ శ్రమ పెద్దది కాదు. ల్యాబ్‌లో ఒకే ఇమేజ్‌ను, అంటే ఒక కంప్యూటర్ పూర్తి నకలును, ముప్పై కంప్యూటర్లకు ఎక్కిస్తే ముప్పైటికీ ఒకే పేరు వస్తుంది. నెట్‌కు కలపకముందే పేర్లు మార్చండి.

మీరు చేసిన మార్పులు నిలిచాయో లేదో చూడటానికి ఒక రాత్రి లాప్‌టాప్ మూత వేసి అదే వైఫైలో వదిలేయండి. పొద్దున తెరిచి మూడు పేర్లూ మళ్లీ చూడండి. వారం పాటు మధ్యమధ్యలో చూస్తుండండి. 2 మళ్లీ వస్తే కంగారుపడి రీస్టార్ట్ చేయకండి, చేస్తే ఆనవాళ్లు పోతాయి. అప్పటికప్పుడే పింగ్ పరీక్ష చేసి, వచ్చిన చిరునామా రాసుకుని, రౌటర్ చూసుకునే వాళ్లకు ఆ నంబరు చూపించండి. ఆ సమయంలో ఆ చిరునామాలో ఎవరున్నారో వాళ్ల లిస్టులో ఉంటుంది.